ఈ వారం నాడి ఎవరిది

ఒతోజిమా దీవి
జూన్ 10

చెల్లీ కినుయోకి,

ఇక్కడ వాన పట్టుకుంది. గోడలకు బూజు పట్టింది, నాకు జబ్బు పట్టింది. బూజుకి మందు లేదుగానీ నా జబ్బుకి రెండు పూటలా మాత్ర ఇచ్చారు కాబట్టి నువ్వేం కంగారు పడకు.

ఫోన్ ఎందుకు చెయ్యలేదని అడుగుతావు. ఫోన్లో నువ్వు అరుస్తావు, నాకు వినబడదు, నేనూ అరుస్తాను. ఇద్దరం మర్యాదస్తులం, డెబ్బై దాటినవాళ్లం. ఉత్తరమే మేలు.

సంగతేమిటంటే, ఏప్రిల్‌లో ఆరోగ్య పరీక్షల పడవ వచ్చినప్పుడు గుండె పటం తీశారు. ఎగువ గదులు సరిగ్గా కొట్టుకోకుండా వణుకుతున్నాయట. దానికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని పొడుగాటి పేరుంది. నాకొక్కడికే కాదు, ముప్పై ఒక్క గడపల దీవిలో ఆరుగురికి తేలింది. ఆ ఆరుగురిలో ఒకడిగా ఉండడం కొంచెం గర్వంగానే ఉంది. మా వీధి చివర ఒకినో నెలరోజులుగా మొహం మాడ్చుకుని ఉన్నాడు, ఆయన గుండె బాగానే ఉందన్నారని.

అవతలి ఒడ్డు ఆసుపత్రిలో ఇవాత అనే డాక్టరమ్మ ఉంది. రెండు వారాలకోసారి పడవెక్కి రండి, లేదా ఇంటర్నెట్‌లో పన్నెండు వారాల పాఠాలు వినండి, రోజూ నాడి చూసుకుని అంకె పంపండి అంది. పడవకి రానూ పోనూ ఐదు గంటలు. పాఠాలకే ఓటేశాం. హాల్లో ఒక పలక కంప్యూటర్ పెట్టారు. మొదటి పాఠానికి ఆరుగురం పక్కపక్కన కూర్చుని తెరకి వంగి దణ్ణం పెట్టాం. ఆవిడా వంగింది. తెర చిన్నది, నాకు మిత్సుదా గారి చెవి మాత్రమే కనబడింది.

ముఖ్య విషయం. ఈ జబ్బుకి నత్తో తినకూడదట. ముప్పై ఏళ్లుగా నెలనెలా నువ్వు ప్రేమగా పంపే జిగురు సోయాగింజలు ఇక పంపవద్దు. చెప్పడానికి నాకెంత బాధగా ఉందో.

నీ అన్న
జింపాచి


మితో
జూన్ 17

అన్నయ్యకి,

నీ ఉత్తరం అందింది. జబ్బు గురించి నాలుగు ముక్కలు, ఒకినో గారి మొహం గురించి రెండు ముక్కలు. ఇది నవ్వులాట కాదు.

నాన్న సంగతి మర్చిపోయావా? షెడ్డులో కమలాపండ్లు ఏరుతూ, "ఇది పెద్ద సైజు బుట్టలో..." అని ఆగిపోయాడు. ఆ మాట ఇప్పటికీ పూర్తి కాలేదు. అంతకు నెల ముందునుంచీ గుండెలో పిట్ట కొట్టుకుంటున్నట్టుందని అమ్మతో అన్నాడట. డాక్టరు దగ్గరికి పోదామంటే, "కోతల కాలం, ఊరంతా పనిలో ఉంటే పడవ నడపడానికి ఎవరిని అడుగుతాం, సిగ్గుచేటు" అన్నాడట. గుండె వణికితే లోపల నెత్తురు గడ్డకట్టి తలకెక్కుతుంది. ఆయనకి జరిగింది అదే. నీకు జరగకూడదు. నాకు మిగిలింది నువ్వొక్కడివే.

నాకిదంతా ఎలా తెలుసంటావా? నేనూ చేరాను. ఆ పాఠాలు రోగి కుటుంబం వాళ్లు కూడా వినవచ్చు. నా పేరు నమోదు చేయించుకున్నాను. నీ నాడి అంకెలు కూడా రోజూ నా ఫోన్లో కనబడతాయి. ఇక తప్పించుకోలేవు.

ఇంకొకటి. నత్తో తినకూడనిది పాత రకం మాత్ర వేసుకునేవాళ్లు మాత్రమే. నువ్వు వేసుకునేది కొత్త రకం. డాక్టరమ్మని రాసి మరీ అడిగాను. నీకు ఏ ఇబ్బందీ లేదట. పాపం, మానుకోవాల్సి వస్తుందని ఎంత బాధపడ్డావో! ఈ నెల రెండు పెట్టెలు పంపుతున్నాను.

కినుయో


ఒతోజిమా
జూన్ 28

చెల్లీ,

రెండు పెట్టెలూ అందాయి. ఏం చెప్పను.

నత్తో విషయంలో ఒక చిక్కుంది. మిత్సుదా గారు వేసుకునేది పాత రకమే. ఆయన నోరు కట్టుకుని కూర్చుంటే మనం తినడం ఏం బాగుంటుందని, ఆరుగురం మానేద్దామని అనుకున్నాం. ఆయన కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఇప్పుడు మాట తప్పలేను కదా.

పాఠాలు జోరుగా సాగుతున్నాయి. రెండో పాఠం క్లుప్తంగా ఉంది: "మాత్ర ఆపకు. నీళ్లు తాగు. పడితే చెప్పు." అంతే. మూడో పాఠం మాత్రం విచిత్రంగా ఉంది. మొదటి పావుగంట తర్వాత డాక్టరమ్మ నోరు తెరిచి, వేలు పైకెత్తి, అలాగే ఆగిపోయింది. గురువుగారు ఆలోచిస్తుంటే లేచి వెళ్లడం ఏం మర్యాద? రెండు గంటలు ఎదురు చూడడం జరిగింది. చివరికి తెరే నల్లబడింది. ఆ వేలు ఏం చెప్పబోయిందన్న దాని మీద దీవిలో మూడు అభిప్రాయాలున్నాయి. ఉప్పు తగ్గించమని నా అభిప్రాయం.

వానకి ఎండుచేపలన్నీ మెత్తబడ్డాయి. మా ఆరుగురిలో ఒకరైన కువాబరా గారి పిల్లి మాత్రం ఒళ్లు చేసింది. ఎందుకో తెలీదు.

జింపాచి


మితో
జూలై 4

అన్నయ్యకి,

ఈసారి తిట్టడానికి కాదు, మెచ్చుకోవడానికి రాస్తున్నాను. రెండో వారం నీ నాడి తొంభై దాటి ఎగిరెగిరి పడింది. గుబులుగా ఉండింది. మూడో వారం చూస్తే అరవై ఆరు, అరవై ఐదు, అరవై ఆరు! టకటకమని గడియారంలా. డాక్టరమ్మ కూడా పక్కన నవ్వు మొహం బొమ్మ పెట్టింది. పక్కింటావిడకి చూపించాను, "మీ అన్నయ్యకి పాతికేళ్లా?" అంది. ఏం చేశావు? నడుస్తున్నావా? సాకే తాగడం మానేశావా? ఏం చేశావో అదే చెయ్యి, మానకు.

కినుయో


ఒతోజిమా
జూలై 9

చెల్లీ,

నీ మెప్పు కువాబరా గారికి అందజేశాను. ఆవిడ చేత్తో నోరు మూసుకుని నవ్వి, "అబ్బే, నాదేముందండీ, నా వంతు నేను చేశాను" అంది. మూడో వారమంతా ఆవిడదే. నాడి అంత నెమ్మదిగా ఉందంటే ఆ ఘనత ఆవిడదే గానీ నాది కాదు. ఎప్పుడూ కంగారు పడని మనిషి. భర్త పోయిన నాడు కూడా వచ్చినవాళ్లందరికీ టీ అందిందా అని లెక్క చూసుకుంది.

ఈ వారం ఆవిడ లేదు, పడవల యోషిమురా. అతని సంగతి నీకు తెలుసు, ఊరికే ఉద్రేకపడతాడు. కాబట్టి అంకెలు కొంచెం ఎగుడుదిగుడుగా ఉంటాయి. నువ్వు పట్టించుకోకు.

కమలాల చెట్లకి పిందెలు దండిగా పడ్డాయి. ఈ ఏడు గట్టు ఎక్కడమే బద్ధకంగా ఉంది.

జింపాచి


మితో
జూలై 14

అన్నయ్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి ఇంకోలా అర్థమైంది. వదిన పోయి పదకొండేళ్లయింది, కువాబరా గారు మంచి మనిషి, నాకేం అభ్యంతరం లేదు అని ఉత్తరం మొదలుపెట్టి, పెళ్లికి ఏ కిమోనో కట్టుకోవాలా అని పెట్టె కూడా తెరిచాను. అంతలో పడవల యోషిమురా దగ్గర ఆగిపోయాను. యోషిమురాతో కూడానా!

కువాబరా గారికి ఫోన్ చేశాను. ఆవిడ ఎంతో వినయంగా మొత్తం చెప్పింది.

వంతులా? హాలు ఊడ్చే వంతు, కాకులు లాగకుండా చెత్త మీద వల కప్పే వంతు, గుడి దీపం వంతు, వాటితోపాటు నాడి వంతా? ఒక్కో వారం ఒక్కరే వెళ్లి పాఠం విని, సారాంశం రాసి, ఇంటింటికీ తిరిగే అట్టకి గుచ్చి పంపుతారా? మిగతా ఐదుగురూ దానిమీద తమ పేరు ముద్ర కొట్టి పక్కింటికి అందిస్తే పాఠం విన్నట్టేనా? పైగా ఆ వారం వంతు ఎవరిదైతే వాళ్ల మణికట్టు పట్టుకుని, ఆ అంకెనే ఆరుగురి పేర్లకీ ఎక్కిస్తారా? నేను నెలరోజులుగా ఎవరి నాడి చూసి నిద్రపోతున్నాను అన్నయ్యా?

ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. మాత్రలు కూడా వంతులవారీగా మింగుతున్నారా?

ఇక నీ అంకెలు చూడను. చూసి లాభమేముంది? ఫోన్లోంచి ఆ పేజీయే తీసేశాను.

కినుయో


ఒతోజిమా
జూలై 22

చెల్లీ,

నీకు కోపం వచ్చింది. అన్న మీద చెల్లెలికి కోపం రావడం సహజం. కానీ మాత్రల మాట మాత్రం నన్ను నొప్పించింది. మేమేమన్నా మూర్ఖులమా? ఆ ప్రతిపాదన మొదటి సమావేశంలోనే వచ్చింది, అవునని రెండు ఓట్లు, కాదని నాలుగు పడి ఓడిపోయింది. ఎవరి మాత్ర వాళ్లే మింగుతున్నాం.

వంతుల్లో తప్పేమిటో నాకింకా అర్థం కాలేదు. చిన్నప్పుడు ఆ అట్ట పట్టుకుని వీధి వీధంతా పరిగెత్తింది నువ్వే కదా. తుఫాను వస్తుందన్నా, బియ్యం బండి వస్తుందన్నా ఒకరు వింటే అందరూ విన్నట్టే. ఆరుగురం రోజూ హాల్లో పడి ఒక్క యంత్రం కోసం తోసుకుంటే బాగుంటుందా? రెండో పాఠం అంత క్లుప్తంగా ఎందుకుందో ఇప్పుడు చెప్పనా? ఆ వారం వంతు మిత్సుదా గారిది. నలభై ఏళ్లు టెలిగ్రాములు కొట్టిన చెయ్యి. మాటకి ఇంత అని లెక్క కట్టకుండా రాయలేడు. పాపం కువాబరా గారు ఆగిపోయిన డాక్టరమ్మ ముందు రెండు గంటలు మోకాళ్ల మీద కూర్చుంది. అలాంటి మనుషుల్ని తప్పు పట్టకూడదు.

మొన్న ప్రశ్నపత్రం కూడా వచ్చింది. "గుండె లయ తప్పినట్టు అనిపిస్తే ముందు ఎవరికి చెప్పాలి?" అని. ఆరుగురం "వంతువారికి" అని రాశాం. ఆరుగురికీ సున్నా. ఆ ప్రశ్నే తప్పని మిత్సుదా గారు అభ్యంతరం పంపాడు, నాలుగు మాటల్లో.

సరే, అసలు విశేషం వేరే ఉంది. ఆదివారం నుంచి వంతు నాది. హాలు మెట్లు పద్దెనిమిదే గానీ ఈ ఏడు పెరిగినట్టున్నాయి, మధ్యలో రెండుసార్లు కూర్చోవలసి వచ్చింది. ఎండలకి చెప్పులు కూడా బిగుసుకుపోయి పాదాలు పట్టడం లేదు. కూర్చుని నాడి చూశాను. నూట ముప్పై ఎనిమిది. యంత్రం తప్పేమో అనుకున్నాను, తర్వాత వేళ్లతో చూశానని గుర్తొచ్చింది. సోమవారం నూట నలభై రెండు. నియమం ప్రకారం ఆరుగురి పేర్లకీ ఎక్కించాను.

మంగళవారం పొద్దున్నే, కినుయో, ఏం చెప్పమంటావు! ఆసుపత్రి నుంచి ఎర్రదీపం పడవ, దానిలో ముగ్గురు నర్సులు, ఆరు మంచాలు. ఒక దీవిలో ఆరుగురికి ఒకేసారి గుండె పరుగెత్తితే సర్కారు ఊరుకుంటుందా? మిత్సుదా గారిని చిక్కుడు పందిరి దగ్గర పట్టుకున్నారు. యోషిమురా పారిపోబోయాడు, పరిగెత్తకూడదని ఇద్దరు నర్సులు మీద కూర్చున్నారు. కువాబరా గారు మాత్రం, "ఇంతమంది వచ్చారు, టీ అయినా..." అంటూనే మంచమెక్కింది. ఐదుగురినీ పడుకోబెట్టి తీసుకెళ్లిపోయారు. ఒకినో రేవులో నిలబడి, తననూ తీసుకెళ్లమని బతిమాలాడు.

నేను రేవు దాకా వెళ్లి చెయ్యి ఊపాను. ఆరో మనిషి ఎవరని నర్సు అడిగింది. "నేనే. కానీ ఈ వారం నేను రోగిని కాను, వంతువాణ్ణి" అని చెప్పాను. హాలు తాళాలు, అట్ట, ఐదిళ్ల పిల్లులు నా మీదే ఉన్నాయి, వదిలి ఎలా వస్తాను? ఆవిడ ఏదో అనబోయింది, అంతలో యోషిమురా మళ్లీ లేచాడు. మధ్యాహ్నం డాక్టరమ్మ హాలుకి ఫోన్ చేసి అరిచింది, సగమే వినబడింది. ఆదివారం వంతు దిగగానే వస్తానన్నాను.

ఊరు చాలా నిశ్శబ్దంగా ఉంది. పిల్లులు ఐదూ నా వెనకే తిరుగుతున్నాయి. గుండెలో పిట్ట కొట్టుకుంటున్నట్టుంది, బహుశా మనుషులు లేకనేమో.

జింపాచి


మితో
జూలై 24
హాలుకి ఫ్యాక్స్‌లో. కువాబరా గారికి, వెంటనే.

కువాబరా గారూ,

నిన్న మీరంతా క్షేమంగా తిరిగొచ్చారని ఇప్పుడే ఫోన్లో విని ఊపిరి పీల్చుకున్నాను. అన్నయ్య ఉత్తరం ఒక గంట క్రితం నా చేతికొచ్చింది. అన్నయ్య ఇంటికి పదకొండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఊపిరి అందకపోవడం, పాదాలు వాయడం, ఇదంతా ఐదో పాఠం. మీ అట్టమీద ఆ పాఠం ఎలా చేరిందని అడిగితే, "చెప్పులు వదులుగా వేసుకోండి" అని చేరిందన్నారు మీరు. డాక్టరమ్మతో మాట్లాడాను. ఆదివారం దాకా ఆగడానికి వీల్లేదంది.

నేను బతిమాలితే అన్నయ్య వినడు. నాన్న పోలిక. ఊరిని ఇబ్బంది పెట్టడం కంటే చచ్చిపోవడం మర్యాద అనుకునే రకం. కానీ ముద్రలు పడ్డ అట్ట ఇంటికొస్తే కాదనే ధైర్యం ఆ దీవిలో పుట్టిన ఎవరికీ లేదు. నాకే లేదు, పెళ్లై యాభై ఏళ్లయినా. అందుకని కిందిది రాశాను. దయచేసి అట్టకి గుచ్చి, అన్నయ్య ఇంటికి ఆఖర్న చేరేలా తిప్పండి.

ప్రకటన
ఒకటి. ఈ సాయంత్రం నుంచి నాడి వంతు మిత్సుదా గారిది. జింపాచి గారి వంతు ముగిసింది. కనుక జింపాచి గారు రోగి.
రెండు. రేపు ఉదయం పడవలో రోగిని ఆసుపత్రికి చేర్చాలి. పడవ వంతు యోషిమురా గారిది.
మూడు. దారిలో రోగి మణికట్టు పట్టుకునే వంతు కువాబరా గారిది.
నాలుగు. పిల్లుల వంతు ఒకినో గారిది. ఆయన కూడా మన బృందంలో సభ్యులే.
చూసినవారు ముద్ర వేసి పక్కింటికి అందించగలరు.

అన్నయ్యా, చివరి గడి నీది. నాన్నకి పడవ నడపమని అడగడానికి మనిషి దొరకలేదు. నువ్వు ఎవరినీ అడగక్కర్లేదు, వంతు వేసేశాను. ముద్ర కొట్టు.

కినుయో


ఆసుపత్రి, మూడో అంతస్తు
ఆగస్టు 2

చెల్లీ,

అట్ట శుక్రవారం సాయంత్రం నా గుమ్మం దగ్గరికి వచ్చింది. ఐదు ముద్రలు, ఒకినోది కలిపితే ఆరు. ఆయన ముద్ర మరీ పెద్దది కొట్టాడు, సంతోషం పట్టలేక. నేను కళ్లద్దాలు పెట్టుకుని మొదటి అంశం చదివాను. మిత్సుదా గారిది వంతు అయితే నేను రోగినే. తప్పు పట్టడానికి సందు లేదు. నీకు ఈ తెలివి చిన్నప్పుడే ఉంటే నాన్న నిన్ను పంచాయతీకి నిలబెట్టేవాడు.

ముద్ర వెతుక్కుంటూ అరగంట కూర్చున్నాను. ముద్ర సొరుగులోనే ఉంది. ఊరికే కూర్చున్నాను. షెడ్డులో ఆ కమలా చేతిలో పట్టుకుని నాన్న అన్న మాటే గుర్తొచ్చింది. ఆ కాయ చిన్న సైజుదని, ఆయన చెప్పింది తప్పని నేను పక్కనుంచి దిద్దుతూ ఉన్నాను ఆ క్షణంలో. ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు.

పడవలో కువాబరా గారు రెండున్నర గంటలు నా మణికట్టు వదల్లేదు. "మీ నాడి చూస్తుంటే నాదే పరుగెత్తుతున్నట్టుందండీ" అని ఒక్కసారే అంది. ఆవిడ కంగారుపడ్డం నేను చూడ్డం అదే మొదలు. ఇక్కడ సూదిమందుతో గుండెని నెమ్మది చేశారు, ఒంట్లో చేరిన నీరు తీశారు. నాలుగు కిలోలు తగ్గాను, పాదాలు చెప్పుల్లోకి వచ్చాయి. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే అని మొదలుపెట్టి డాక్టరమ్మ ఆపేసింది. వేలు పైకెత్తి ఉంది. ఈసారి తెర కాదు గనక అడిగాను, ఆ రోజు మూడో పాఠంలో ఏం చెప్పబోయారని. "ఎవరి నాడి వాళ్లే చూసుకోవాలి అని" అంది.

దీవిలో రెండో పలక కంప్యూటర్ పెట్టారు, మూడోది వస్తోంది. పాఠం విని సారాంశం రాసే వంతులు ఉంచారు, నాడి వంతులు రద్దు. నేను లేని సమావేశంలో ఒకినోతో కలిపి ఆరుకి ఆరు ఓట్లు. ఒకినో కూడా రోజూ వచ్చి నాడి చూసుకుంటున్నాడట, ఏదో ఒక రోజు తప్పుతుందని ఆశ.

ఇంకో మాట. ఆసుపత్రి వాళ్లు పొద్దున అన్నంతో నత్తో పెట్టారు. కొత్త రకం మాత్ర కాబట్టి పర్లేదని నర్సు నవ్వుతూ చెప్పింది. నేను తిన్నాను. చెల్లీ, ముప్పై ఏళ్లలో అదే మొదటి ముద్ద. ఆఖరుది కూడా. నాకది పడదు, వాసనకే కడుపు తిప్పుతుంది. నువ్వు పంపినవన్నీ కువాబరా గారి పిల్లికి, అంతకు ముందు దాని తల్లికి పెట్టాను. మిత్సుదా గారు కన్నీళ్లు పెట్టుకోవడం నిజమే గానీ, అది కూడా నత్తో వాసనకే. అయినా పంపడం మానకు, పిల్లికి పదమూడేళ్లు, ఈ వయసులో అలవాటు మార్చడం మంచిది కాదు.

ఇవాళ పొద్దున ఎనిమిదికి, గోడ గడియారం చూస్తూ, నా మూడు వేళ్లు నా మణికట్టు మీదే పెట్టి, నిమిషం నిండా లెక్కపెట్టాను. ఎనభై రెండు. మధ్యమధ్య ఇంకా తడబడుతోంది. అంత గొప్ప అంకె కాదు, నవ్వు మొహం బొమ్మ రాదు. ఫోన్లో ఆ పేజీ మళ్లీ పెట్టుకో.

కింద ముద్ర వేశాను చూడు. ఈ అంకె నాదే.

జింపాచి